ఎనిమిదో తరగతిలో కాలేజీ సీటు: ఆ మాటకు విలువెంత?

క్లుప్తంగా: అమెరికాలో హైస్కూలు (తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా) గడప తొక్కని బాస్కెట్‌బాల్ కుర్రాళ్లకు కూడా విశ్వవిద్యాలయాల కోచ్‌లు స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పడం ఇరవై ఏళ్లుగా వార్తల్లో నలుగుతోంది. ఆ మాట చెప్పినవారిని గానీ, విన్నవారిని గానీ కట్టిపడేయదు. కాగితం మీద ఆఫర్ పన్నెండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1కి ముందు రాకూడదు. ఖర్చులేని మాట కాబట్టే అంత తొందరగా వస్తోంది. 2021 తర్వాత మారిన నియమాలతో అసలు సీట్లూ డబ్బూ ఇప్పటికే కాలేజీల్లో ఆడుతున్నవారి వైపు జరుగుతున్నాయి. చిన్నపిల్లలకు వచ్చే ఆఫర్ల సందడి మాత్రం తగ్గలేదు.

2008 మే నెలలో కెంటకీ విశ్వవిద్యాలయం కోచ్ బిల్లీ గిల్లిస్పీ కాలిఫోర్నియా కుర్రాడొకరికి స్కాలర్‌షిప్ ఇస్తానన్నారు. కుర్రాడు సరేనన్నాడు. అప్పటికి చదువుతున్నది ఎనిమిదో తరగతి. ఏ హైస్కూల్లో చేరాలో ఇంకా తేలలేదు, ఏ కాలేజీకి ఆడాలో మాత్రం తేలిపోయింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు.

ఆ కుర్రాడు కాలేజీలో అడుగుపెట్టాల్సింది 2012లో. కెంటకీ యాజమాన్యం గిల్లిస్పీని 2009 మార్చిలోనే తొలగించింది. ఆయన అక్కడ పనిచేసింది రెండే సీజన్లు. తర్వాత జాన్ కాలిపారి వచ్చారు, తన ఆటగాళ్లను తాను వెతుక్కున్నారు. 2012లో కెంటకీ జాతీయ విజేత అయింది. ఎనిమిదో తరగతిలో మాట పుచ్చుకున్న కుర్రాడు మాత్రం ఆ జెర్సీ ఏనాడూ వేసుకోలేదు.

అంతకు ముందు ఏడాదే సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇలాంటిదే జరిగింది. ఇలినాయ్ రాష్ట్రంలోని అరోరా పట్టణానికి చెందిన రయన్ బోట్‌రైట్ ఎనిమిదో తరగతి ముగించిన వేసవిలో కోచ్ టిమ్ ఫ్లాయిడ్‌కు మాట ఇచ్చాడు. 2009లో ఫ్లాయిడ్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. బోట్‌రైట్ చివరికి కనెటికట్ విశ్వవిద్యాలయంలో చేరి 2014లో జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో ఆడాడు. ఫైనల్లో ఓడింది కెంటకీ. అతడి కథ సుఖాంతమే. కానీ ఆ సుఖాంతానికీ, పద్నాలుగేళ్లప్పుడు అందిన ఆఫర్‌కూ సంబంధం లేదు.

మాటకూ కాగితానికీ మధ్య

ఈ వార్తలు చదివేవారికి మొదట తికమక పెట్టేది ‘ఆఫర్’ అన్న పదమే. ఉద్యోగం ఆఫర్ అంటే చేతికి లేఖ వస్తుంది, జీతం అంకె ఉంటుంది. ఇక్కడ ఆఫర్ అంటే కోచ్ నోటి నుంచి వచ్చిన ఒక వాక్యం. ‘నువ్వు మా దగ్గర ఆడితే స్కాలర్‌షిప్ ఇస్తాం.’ కుర్రాడు ‘వస్తాను’ అంటే దాన్ని వెర్బల్ కమిట్‌మెంట్ అంటారు. కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ దృష్టిలో ఈ రెంటికీ విలువ లేదు. కుర్రాడు మనసు మార్చుకోవచ్చు, కోచ్ కూడా మార్చుకోవచ్చు. అడిగేవారు ఉండరు.

రాతపూర్వకమైన ఆఫర్ పన్నెండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 తర్వాతే ఇవ్వాలి. సంతకాలు ఆ నవంబరు నుంచి మొదలవుతాయి. 1964 నుంచి ఈ సంతకానికి నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ అన్న పత్రం ఉండేది. దాని మీద సంతకం పెడితే మిగతా విశ్వవిద్యాలయాలు ఇక ఆ ఆటగాడి జోలికి రాకూడదు. 2024 అక్టోబరులో ఆ పత్రాన్ని రద్దుచేసి, ఆర్థిక సహాయ ఒప్పందానికే ఆ పని అప్పగించారు. ఆ పాత పత్రంలో చాలాకాలం ఒక మెలిక ఉండేది: అది ఆటగాణ్ని కట్టేసింది కోచ్‌కు కాదు, విశ్వవిద్యాలయానికి. కోచ్‌ను చూసి సంతకం పెట్టిన కుర్రాడు, ఆ కోచ్ మరుసటి వారం వేరే చోటికి వెళ్లిపోయినా అక్కడే ఉండాల్సి వచ్చేది.

ఎనిమిదో తరగతిలో విన్న మాటకూ, సంతకానికీ మధ్య మూడున్నరేళ్లకు పైగా దూరం. అన్నాళ్లూ కుర్రాడి చేతిలో చట్టం గుర్తించే కాగితం ఒక్కటీ ఉండదు.

సంతకం అయ్యాకైనా నాలుగేళ్ల చదువుకు పూచీ ఉండేదా అంటే, చాలాకాలం అదీ లేదు. 1973 నుంచి దాదాపు నలభై ఏళ్లపాటు ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్పులు ఏడాదికోసారి పొడిగించేవే. ఏటా కోచ్ దయ. 2012 నుంచి ఒకటికి మించి ఏళ్లకు ఇచ్చే వీలు వచ్చింది. 2015లో ఐదు పెద్ద కాన్ఫరెన్సులు (విశ్వవిద్యాలయాల ఆటల కూటములు) ఒక అడుగు ముందుకేసి, ఆట బాగాలేదన్న కారణంతో స్కాలర్‌షిప్ తీసేయకూడదని నియమం పెట్టుకున్నాయి. సంతకం చేసిన కాగితానికే ఇంత చరిత్ర ఉంటే, నోటిమాటను ఎంతవరకు నమ్మాలో ఊహించుకోవచ్చు.

సీటు మీద కర్చీఫ్ ఎవరు వేసినట్టు?

ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ విసరడం తెలుగువారికి కొత్త కాదు. తొందర ఆఫర్ కూడా అలాంటిదేనని, పిల్లవాడు నాలుగేళ్లు ముందుగా కాలేజీ సీటు ఆపుకున్నాడని చాలా కుటుంబాలు అనుకుంటాయి. కాస్త నిదానించి చూస్తే సంగతి తిరగబడుతుంది. ఇక్కడ సీటు పిల్లవాడే. కర్చీఫ్ వేసింది కోచ్. ఆయన బస్సులో ఉన్న సగం సీట్ల మీద కర్చీఫులు విసిరి, చివరికి తనకు నచ్చిన మూడింటిలో కూర్చుంటాడు.

అంకెలు చూడండి. మొన్నటి వరకు ఎన్‌సీఏఏ పై అంచె అయిన డివిజన్ వన్‌లో పురుషుల బాస్కెట్‌బాల్ జట్టుకు ఉన్న పరిమితి 13 స్కాలర్‌షిప్పులు. ఏటా ఖాళీ అయ్యేవి మూడో నాలుగో. వాటికోసం ఒక కోచ్ ఒక్కో తరగతి కుర్రాళ్లకు ఇచ్చే నోటి ఆఫర్లు డజన్ల కొద్దీ ఉండొచ్చు. ఎన్ని ఇవ్వాలన్న దానికి హద్దు లేదు, వెనక్కి తీసుకుంటే జరిమానా లేదు. అందుకే రిక్రూటింగ్ లోకంలో ‘కమిట్ కావడానికి పనికిరాని ఆఫర్’ అన్న వింత మాట పుట్టింది. ఆఫర్ ఉంటుంది, కానీ కుర్రాడు ‘సరే, వస్తాను’ అంటే ‘ఇంకొన్నాళ్లు ఆగు బాబూ’ అని జవాబు వస్తుంది.

మరి ఖర్చులేని పని వల్ల కోచ్‌కు దక్కేదేమిటి? మొదటిది, వరసలో ముందు చోటు. కుర్రాడు ముందుముందు గొప్ప ఆటగాడైతే ‘నిన్ను అందరికంటే ముందు గుర్తించింది మేమే’ అని చెప్పుకోవచ్చు. ఆ మాటకు తల్లిదండ్రుల దగ్గర విలువ ఉంది. రెండోది, ప్రచారం. ఒక పిల్లవాడికి ఆఫర్ ఇస్తే అతడు ఆడే క్లబ్బు మొత్తానికి ఆ కాలేజీ పేరు చేరుతుంది. అసలు కారణం మూడోది: పక్కవాడి భయం. పోటీలో ఉన్న కోచ్ తొమ్మిదో తరగతి పిల్లలతో మాట్లాడుతున్నాడని తెలిస్తే ఈ కోచ్ ఎనిమిదికి దిగుతాడు. అప్పుడు మొదటివాడు ఏడుకు దిగుతాడు. తొందరపడటం తప్పని ఇద్దరికీ తెలుసు. ఆగితే నష్టపోతామని కూడా ఇద్దరికీ తెలుసు.

డాక్టర్లకు దొరికిన మందు

ఈ జారుడు బాస్కెట్‌బాల్‌కే పట్టింది కాదు. అమెరికాలో రెసిడెన్సీ చేసిన తెలుగు డాక్టర్లందరికీ, కొత్త డాక్టర్లనూ ఆసుపత్రులనూ జతకలిపే ‘మ్యాచ్’ పద్ధతి తెలుసు. అది పుట్టింది ఇలాంటి రోగం నుంచే. 1940ల నాటికి అమెరికా ఆసుపత్రులు ఒకదానికంటే ఒకటి ముందుండాలని, మెడిసిన్ పూర్తికావడానికి రెండేళ్లు ఉన్న విద్యార్థులకే ఇంటర్న్ ఉద్యోగాలు ఖాయం చేసేవి. విద్యార్థి ఎలాంటి డాక్టరవుతాడో అప్పటికి ఆసుపత్రికీ తెలియదు, ఏ విభాగం తనకు నప్పుతుందో విద్యార్థికీ తెలియదు. 1945 ప్రాంతంలో వైద్య కళాశాలలన్నీ కలిసి ఒక తేదీ దాకా విద్యార్థుల వివరాలు బయటపెట్టకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. తొందర ఆగింది కానీ రోగం రూపం మార్చుకుంది. ‘ఆఫర్ ఇచ్చాం, కొన్ని గంటల్లో జవాబు చెప్పు’ అన్న ఒత్తిడి మొదలైంది. 1952లో ఇరువర్గాల ఇష్టాలనూ జాబితాలుగా తీసుకుని, ఒకేసారి జతకట్టే కేంద్రీయ పద్ధతి వచ్చాకే ఆ గొడవ సద్దుమణిగింది. ఇలాంటి విపణులు తేదీలు దాటి వెనక్కి వెనక్కి ఎందుకు జారిపోతాయో అధ్యయనం చేసిన ఆల్విన్ రాత్, లాయిడ్ షాప్లీతో కలిసి 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్షలు రాయకముందే ఇంటర్ సీటుకు అడ్వాన్సు కట్టించుకునే కాలేజీలదీ ఇదే జబ్బు. ఒకరు డిసెంబరులో మొదలుపెడితే మరొకరు దసరాకే దిగుతారు.

బాస్కెట్‌బాల్‌కు కూడా ఇలాంటి ‘మ్యాచ్’ పద్ధతి పెట్టొచ్చుగా అన్న ప్రశ్న సహజం. దానికి అడ్డు కోర్టులు. పోటీదారులంతా కూడబలుక్కుని నియామకాలకు ఒక పద్ధతి పెట్టుకోవడం అమెరికా పోటీ చట్టాల కింద అనుమానాస్పదమే. డాక్టర్ల మ్యాచ్ మీద కూడా 2002లో దావా పడింది. 2004లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి దానికి మినహాయింపు ఇచ్చింది. ఎన్‌సీఏఏకు అలాంటి రక్షణ లేదు. పైగా ఆటగాళ్లకిచ్చే సదుపాయాల మీద ఎన్‌సీఏఏ పెట్టిన హద్దులపై నడిచిన ఆల్‌స్టన్ కేసులో, 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు.

పదమూడేళ్ల ఒడ్డూ పొడుగూ

తొందరపాటులో అసలు ప్రమాదం అంచనాది. పదమూడేళ్ల కుర్రాళ్లను బాస్కెట్‌బాల్ కోర్టులో వరసగా నిలబెడితే కంటికి ముందు ఆనేది ఒడ్డూ పొడుగూ. ఆ వయసులో ఒడ్డూ పొడుగూ ప్రతిభకు గుర్తు కానక్కర్లేదు. ఈడు ముందుగా వచ్చినవాడు పన్నెండేళ్లకే మీసాలతో ఆరడుగులు ఉంటాడు. తోటివాళ్ల మీదుగా బంతి వేసేస్తాడు, డ్రిబ్లింగ్ నేర్చుకునే అవసరమే పడదు. మూడేళ్ల తర్వాత మిగతావాళ్లు ఎదిగి అతణ్ని దాటిపోతారు. అతడి ఎత్తు అక్కడే ఆగిపోతుంది, చేతిలో నైపుణ్యమూ ఉండదు.

దీనికి ఎదురు దిక్కున నిలబడే ఉదాహరణ ఆంథనీ డేవిస్. షికాగోలో హైస్కూలు రోజుల్లో అతడు మామూలు ఎత్తున్న గార్డ్ (బంతిని నడిపించే ఆటగాడు). పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు. ఏడాదిన్నరలో ఎనిమిది అంగుళాల దాకా పెరిగాడు. పొట్టివాడిగా ఉన్నప్పుడు నేర్చుకున్న బంతి అదుపు, కొత్తగా వచ్చిన ఎత్తు కలిసి అతణ్ని దేశంలోనే ముందువరసలోకి తెచ్చాయి. 2012లో కెంటకీని గెలిపించింది అతడే, అదే ఏడాది ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి పేరూ అతడిదే. అంటే ఎనిమిదో తరగతి కుర్రాడికి కెంటకీ మాట ఇచ్చిన 2008లో, నాలుగేళ్ల తర్వాత ఆ జట్టును గెలిపించబోయే కుర్రాడు పెద్ద కాలేజీల కంటికే ఆనలేదు. స్టీఫెన్ కరీ సంగతీ తెలిసిందే. తండ్రి ఆడిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వకపోతే చిన్న కాలేజీ డేవిడ్సన్‌కు వెళ్లాడు.

చిన్నప్పటి అంచనాలన్నీ తప్పుతాయని కాదు. లెబ్రాన్ జేమ్స్ పదకొండో తరగతిలో ఉండగానే పత్రికలు ఆకాశానికెత్తాయి. అతడు వాటి మాట నిలబెట్టాడు. కానీ ఒక లెబ్రాన్ వెనుక ఎందరో. మిషిగన్ కుర్రాడు ఎమొనీ బేట్స్ 2019లో పదిహేనేళ్లకే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం అయ్యాడు. 2020లో మిషిగన్ స్టేట్‌కు మాట ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు. మెంఫిస్‌లో ఒక ఏడు, ఈస్టర్న్ మిషిగన్‌లో ఒక ఏడు ఆడాడు. 2023 డ్రాఫ్టులో అతడి పేరు వచ్చింది 49వ స్థానంలో. అంత దూరం వెళ్లడం కూడా ఘనతే. అయితే పదిహేనేళ్లప్పుడు జనం లెక్కగట్టింది మొదటి స్థానాన్ని.

అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి ఒక ముచ్చట. డేవిడ్ సిల్స్ అనే ఏడో తరగతి కుర్రాణ్ని, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌గా తమ జట్టుకు రమ్మని 2010లో సదరన్ కాలిఫోర్నియా కోచ్ లేన్ కిఫిన్ పిలిచారు. అతడికప్పుడు పదమూడేళ్లు. కిఫిన్ ఉద్యోగం 2013లో పోయింది. సిల్స్ వెస్ట్ వర్జీనియాలో తేలాడు, 2017లో ఆ జట్టుకు 18 టచ్‌డౌన్లు చేశాడు. విసిరి కాదు, పట్టి. ఏ కాలేజీ అన్నదే కాదు, ఏ పని చేస్తాడన్నదే పదమూడేళ్లప్పుడు తేలలేదు.

మధ్యలో ఎవరున్నారు

కాలేజీ కోచ్‌కూ పిల్లవాడికీ మధ్య సాధారణంగా స్కూలు కోచ్ ఉండాలి. అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆ స్థానం చాలావరకు స్కూలు బయట ఏఏయూ (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) పేరుతో నడిచే క్లబ్బు కోచ్‌ది. వేసవిలో ఊరూరా తిరిగే ఈ క్లబ్బులకు నైకీ, ఆడిడాస్, అండర్ ఆర్మర్ కంపెనీలు విడివిడిగా సర్క్యూట్లు నడుపుతాయి. బూట్లు, ప్రయాణాలు, టోర్నీలు అన్నీ కంపెనీ ఖర్చు. కాలేజీ కోచ్ నేరుగా ఫోన్ చేయకూడని వయసు పిల్లలకు కబురు వెళ్లే దారి ఇదే. ‘ఫలానా కోచ్‌కు మీవాడు ఒకసారి ఫోన్ చేస్తే బాగుంటుంది’ అని క్లబ్బు కోచ్ చెవిన వేస్తాడు. ఫోన్ చేసింది పిల్లవాడే కాబట్టి చాలాకాలం అది నియమం మీరినట్టు కాలేదు.

ఇది ఎంత లోతుకు పోగలదో 2017 సెప్టెంబరులో బయటపడింది. ఎఫ్‌బీఐ అరెస్టు చేసిన పదిమందిలో నలుగురు పేరున్న విశ్వవిద్యాలయాల సహాయ కోచ్‌లు, ఒకరు ఆడిడాస్ ఉన్నతోద్యోగి. ఆటగాళ్లను ఫలానా కాలేజీ వైపు, ఫలానా ఏజెంటు వైపు మళ్లించడానికి డబ్బు చేతులు మారిందన్నది అభియోగం. మాజీ విదేశాంగ మంత్రి కాండొలీసా రైస్ అధ్యక్షతన ఎన్‌సీఏఏ వేసిన కమిషన్ 2018 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది.

ఇవాళ మధ్యవర్తుల జాబితాలో మరొకటి చేరింది: ఫోన్ తెర. ఆఫర్ వచ్చిన నిమిషంలో కుర్రాడు సోషల్ మీడియాలో ‘దేవుడి దయవల్ల ఫలానా విశ్వవిద్యాలయం నుంచి ఆఫర్ అందింది’ అని పెడతాడు. ర్యాంకులిచ్చే సైట్లు దాన్ని ఎక్కించుకుంటాయి. మిగతా కోచ్‌లు ఆ జాబితా చూసి తామూ ఒకటి ఇస్తారు. ఆటను చూసి ఇచ్చిన ఆఫర్లు కొన్ని, ఆఫర్లను చూసి ఇచ్చిన ఆఫర్లు ఇంకొన్ని. బయటివారికి తేడా కనిపించదు. ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం, ఆటగాడు రాతపూర్వకంగా ఖాయం కాకముందు అతడి గురించి కోచ్ బహిరంగంగా మాట్లాడకూడదు. కాబట్టి ‘మేం ఇవ్వలేదు’ అని ఖండించే దారి కూడా దాదాపు లేదు.

నియమాలు ఎక్కడ పట్టాయి, ఎక్కడ జారాయి

గిల్లిస్పీ ఉదంతం జరిగిన నెలకే, 2008 జూన్‌లో, బాస్కెట్‌బాల్ కోచ్‌ల జాతీయ సంఘం పదో తరగతి పూర్తికాని పిల్లల నుంచి మాట తీసుకోవద్దని సభ్యులకు సూచించింది. అది సూచన మాత్రమే. మరుసటి జనవరిలో ఎన్‌సీఏఏ చేసిన పని పైకి విచిత్రంగా కనబడుతుంది. అప్పటిదాకా తొమ్మిదో తరగతి నుంచే ‘రిక్రూట్ చేయదగిన ఆటగాడు’ అనేవారు. పురుషుల బాస్కెట్‌బాల్‌లో ఆ నిర్వచనాన్ని ఏడో తరగతికి దించారు. పిల్లల్ని ఇంకా చిన్నప్పుడే సంతలోకి లాగినట్టు అనిపించే ఈ మార్పు ఉద్దేశం దానికి పూర్తిగా వ్యతిరేకం. ఆ పేరు కిందికి వస్తేనే నియమాలు వర్తిస్తాయి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఆ పేరు కిందికి రాకపోవడంతో, కోచ్‌లు వాళ్ల ప్రైవేటు క్యాంపులకు వెళ్లి హాయిగా పరిచయాలు పెంచుకునేవారు. ఆ కన్నం పూడ్చడానికే నిర్వచనం దిగింది.

కోచ్‌లు నేరుగా ఫోన్లు, మెసేజులు చేయడానికి పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి అనుమతి. ఈ నియమాలన్నీ నియంత్రించేది సంభాషణను, కాగితాన్ని. నోటి ఆఫర్‌ను ఏదీ నేరుగా పట్టుకోలేదు. అసలు కష్టం అక్కడే ఉంది. మాటకు సాక్ష్యం ఉండదు.

వలకట్టిన కర్రలతో ఆడే లాక్రాస్ ఆటలో మాత్రం కథ వేరుగా నడిచింది. తొమ్మిదో తరగతి, అంతకంటే చిన్న పిల్లలు కూడా కాలేజీలకు మాట ఇచ్చేస్తుండటంతో విసిగిన కోచ్‌లే ముందుకొచ్చి నిషేధం కోరారు. 2017 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ పదకొండో తరగతి సెప్టెంబరు 1 దాకా ఎవరు ఫోన్ చేసినా సరే రిక్రూటింగ్ మాటలే వద్దంది. తర్వాత రెండేళ్లలో చాలా ఆటలకు ఇలాంటి తేదీలు వచ్చాయి. లాక్రాస్‌లో పందెం చిన్నది. ఒక్క ఆటగాడు వచ్చినంత మాత్రాన కోచ్ జీతం లక్షల డాలర్లు పెరగదు. కోర్టులో ఐదుగురే ఆడే బాస్కెట్‌బాల్‌లో ఒక్క కుర్రాడు జట్టు జాతకం మార్చగలడు. అందరూ ఆగుదామన్న ఒప్పందం నిలబడాలంటే, దాన్ని తప్పినవాడికి దక్కే లాభం చిన్నదై ఉండాలి.

పోర్టల్ వచ్చాక

గత ఐదారేళ్లలో ఈ సంతే అటు నుంచి ఇటు తిరిగింది. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు అందులో పేరు పెడితే చాలు. అంతకుముందు కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారికి ఆ శిక్ష తీసేశారు, 2024లో ఎన్నిసార్లు మారినా లేకుండా చేశారు. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలపడంతో, విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచే రోజు వచ్చింది. అన్ని ఆటలకూ కలిపి ఒక్కో విశ్వవిద్యాలయానికి మొదటి ఏడాది పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ రాజీలో చేరిన విశ్వవిద్యాలయాల్లో స్కాలర్‌షిప్ల లెక్క పోయి జట్టు సంఖ్య మీద పరిమితి వచ్చింది. బాస్కెట్‌బాల్‌కు అది 15.

కోచ్ వైపు నుంచి చూస్తే దీని అర్థం సులువు. ఇరవై రెండేళ్లవాడు, కాలేజీ స్థాయిలో వంద మ్యాచులు ఆడినవాడు, ఎంత ఎత్తో ఎంత నేర్పో కళ్లెదుట రుజువైనవాడు పోర్టల్లో దొరుకుతున్నాడు. 2025 వసంతంలో పురుషుల డివిజన్ వన్ నుంచే రెండు వేలకు పైగా ఆటగాళ్లు అందులో పేరు పెట్టారు. అలాంటప్పుడు పద్దెనిమిదేళ్లవాడి మీద పందెం కాయడానికే కోచ్ వెనకాడుతున్నాడు, ఇక పద్నాలుగేళ్లవాడి సంగతి చెప్పేదేముంది. దేశంలో అగ్రశ్రేణి యాభై అరవై మంది హైస్కూలు కుర్రాళ్లకు ఈ మార్పుతో నష్టం లేదు, డబ్బు కూడా పెరిగింది. దెబ్బ తగిలింది వారి కింది వరుసకు. పదేళ్ల కిందటైతే మధ్యస్థాయి విశ్వవిద్యాలయంలో చోటు దొరికే కుర్రాడు, ఇప్పుడు చిన్న కాలేజీలో మొదలుపెట్టి అక్కడ రాణించి పైకి మారాల్సి వస్తోంది.

ఇంత జరిగినా చిన్నపిల్లలకు నోటి ఆఫర్లు ఆగకపోవడానికి కారణం మొదట చెప్పుకున్నదే: వాటికి ఖర్చు లేదు. చోట్లు తగ్గాయి, ఆఫర్లు తగ్గలేదు. అంటే ఒక్కో ఆఫర్ విలువ ఇంకా పలచబడింది.

తెలుగు కుటుంబాల లెక్క

డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో తెలుగు పిల్లలు కూడా శనివారాలు క్లబ్బు టోర్నీల్లో గడుపుతున్నారు. ‘మావాడికీ ఆఫర్ వస్తుందా’ అన్న ప్రశ్న అక్కడి తల్లిదండ్రుల మాటల్లో దొర్లుతుంది. దేశం మొత్తం మీద హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆడే మగపిల్లలు సుమారు 5.4 లక్షలు. వారిలో ఎన్‌సీఏఏ కాలేజీల్లో ఏ స్థాయిలోనైనా ఆడేవారు నూటికి నలుగురి కన్నా తక్కువ. స్కాలర్‌షిప్పులు పుష్కలంగా ఉండే డివిజన్ వన్‌కు చేరేది నూటికి ఒకరు. కింది అంచె డివిజన్ త్రీలో ఆట పేరున స్కాలర్‌షిప్పే ఉండదు. తెలుగు ఇళ్లలో అందరూ కలలు కనే హార్వర్డ్, ప్రిన్స్‌టన్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాలు డివిజన్ వన్‌లో ఉన్నా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయమే.

ఆఫర్ వచ్చిన ఇల్లు కోచ్‌ను అడగదగినవి కొన్ని ఉన్నాయి. ఇవాళే సరేనంటే తీసుకుంటారా? ఆ ఏడాదికి, ఆ స్థానంలో ఇంకెందరికి ఆఫర్లు ఇచ్చారు? మీ ఒప్పందం ఇంకా ఎన్నేళ్లు ఉంది? చివరి ప్రశ్న మర్యాదగా ఉండదని కొందరు సంకోచిస్తారు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కోచ్‌ల ఒప్పందాలు బహిరంగ పత్రాలే కాబట్టి అడగకుండా కూడా తెలుసుకోవచ్చు. ఇక మార్కులు ఎలాగూ కావాలి: డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్య కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ. తెలుగు పిల్లలు సాధారణంగా తట్టుకుని పడేది అక్కడ కాదు.

వీసా దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ ఆధారంగా హెచ్-4 మీద ఉన్న పిల్లలు స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డు లేదు. కానీ వారికి ఉద్యోగం చేసే అనుమతి లేదు. ఇరవై ఒకటి నిండితే ఆ హోదా పోతుంది, చదువు కొనసాగాలంటే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. ఎఫ్-1 మీద కూడా బయట సంపాదనకు కట్టుదిట్టమైన హద్దులున్నాయి. ప్రకటనల ద్వారా వచ్చే డబ్బు, విశ్వవిద్యాలయం నేరుగా పంచే డబ్బు ఉద్యోగ సంపాదన కిందికి వస్తే వీసాకే ముప్పు. జట్టులో పక్కవాడు తీసుకునే చెక్కును అదే చోట ఆడే ఇంకో కుర్రాడు ముట్టుకోకూడని పరిస్థితి. కోచ్ ఆఫర్‌లో చదువు ఖర్చు ఎంత, చేతికిచ్చే డబ్బు ఎంత అని విడగొట్టి చెప్పించుకుని, సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించుకోవాల్సింది ఇందుకే.